అమ్మమ్మకు తాసిల్దారు ఉత్తరం

శనివారం రాత్రి గిన్నెలు సర్దుతుంటే తెనాలి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. "ఏమే, పిల్లకి నామీద కోపమా?" అంది, పలకరింపు కూడా లేకుండా.

ఏమైందంటే, మా అమ్మాయి పంపిన మెసేజీ చదివి వినిపించింది. "గౌరవనీయులైన అమ్మమ్మ గారికి, మీ ఆరోగ్యం ఉత్తమంగా ఉన్నదని ఆశిస్తున్నాను. మీరు పంపిన మామిడికాయ ఊరగాయ మాకు సురక్షితంగా అందినది." చదవడం అయ్యాక ఒక్క క్షణం ఆగి, "తాసిల్దారు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చినట్టుంది" అంది.

అమ్మాయికి పదిహేనేళ్లు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, సియాటిల్ పక్కన బాథెల్‌లో. తెలుగు మాట్లాడుతుంది, అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. రాయాలంటేనే బద్ధకం. అందుకే ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి చాట్‌బాట్ చేత రాయించింది. అడిగితే, "పెద్దవాళ్లు కదా, గౌరవంగా రాయమన్నా" అంది. అందులో తప్పేముంది పాపం! మా ఇంట్లో అమ్మమ్మ 'నువ్వు', నాన్న వైపు తాతగారు 'మీరు'. ఎందుకలా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పుట్టినప్పటినుంచి వింటే వచ్చేస్తుంది, అంతే. 'ఊరగాయ' తప్పు మాట కాదు. కానీ ఆవకాయ పంపినావిడకి 'మామిడికాయ ఊరగాయ అందినది' అంటే ఏమనిపిస్తుంది?

నేను సాఫ్ట్‌వేర్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నాను కాబట్టి భోజనాల దగ్గర కాస్త క్లాసు పీకాను. ఈ యంత్రాలు మన వాక్యాన్ని మనలా చదవవు, ముక్కలు చేసుకుని చదువుతాయి. ఆ ముక్కల్ని టోకెన్లంటారు. ఇంగ్లీషులో చాలావరకు మాటకొక ముక్క. తెలుగుకి వచ్చేసరికి ఒక్కో అక్షరాన్నే తుంపులు తుంపులు చేసేవి. 2024 మేలో చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్ తెచ్చినప్పుడు వాళ్లే చూపించిన లెక్క: నమూనాగా తీసుకున్న మాటలకు తెలుగులో అంతకుముందు 159 టోకెన్లు అయ్యేవి, ఇప్పుడు 45. ఆ మాటలకే ఇంగ్లీషులో 24.

"అంటే తెలుగులో మాట్లాడితే బిల్లు ఎక్కువా?" అంది అమ్మాయి.

"టోకెన్ల లెక్కన కట్టేవాళ్లకి ఎక్కువే."

"ఇండియాకి ఐఎస్‌డీ కాల్‌లాగా" అన్నారు మా ఆయన. అమ్మాయికి అదేంటో తెలీదు. దాని గురించి చెప్పడానికి ఇంకో పావుగంట పట్టింది.

ఇక్కడి తెలుగువాళ్లకి మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల పక్కింటి అబ్బాయి లెక్క. ఏ పాట్‌లక్ విందుకి వెళ్లినా ఎవరో ఒకరు వాళ్ల నాన్న యుగంధర్ గారు ఎంత నిక్కచ్చి ఐఏఎస్ ఆఫీసరో చెప్తారు, ఇంకొకరు బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు ప్రస్తావన తెస్తారు. అడోబీ శంతను నారాయణ్‌దీ ఆ స్కూలే అని మూడోవారు కలుపుతారు. ఆ మాటలన్నీ పిల్లలు వినాలని కాస్త గట్టిగానే చెప్తారు.

2014లో నాదెళ్ల సీఈఓ అయ్యాక పదే పదే చెప్పిన మాట ఒకటుంది: అన్నీ తెలిసినవాళ్లుగా కాదు, అన్నీ నేర్చుకునేవాళ్లుగా ఉండాలని. నాకా మాట విన్నప్పుడల్లా ఎంసెట్ రోజులు గుర్తొస్తాయి. మేం చదివింది అన్నీ తెలిసినవాళ్లమని నిరూపించుకోవడానికే. ర్యాంకు వస్తే సీటు, సీటు వస్తే ఉద్యోగం, ఉద్యోగం ఉంటే వీసా. మా నాన్నకి ఆ దారి మీద ఎంత నమ్మకమంటే, పంచాంగం మీద కూడా అంత ఉండేది కాదు.

ఇప్పుడు అమ్మాయి వచ్చే ఏడాదికి సబ్జెక్టులు ఎంచుకోవాలి. కంప్యూటర్ సైన్స్ తీసుకోనా అని అడుగుతోంది. పెద్దల మాట విందామా అంటే, ఏఐకి చిప్పులు చేసే ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 2024లో దుబాయ్‌లో పిల్లలు కోడింగ్ నేర్చుకోవాల్సిన అవసరం ఉండదన్నట్టు చెప్పాడు. అలాగని వదిలేద్దామా? 2016లో ఏఐ పితామహుల్లో ఒకడనే జెఫ్రీ హింటన్, ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి రోగం చెప్పే రేడియాలజిస్టులను ఇక తయారుచేయడం ఆపేయాలన్నాడు. ఐదేళ్లలో యంత్రమే మేలనిపించుకుంటుందన్నాడు. 2024లో ఆయనకి నోబెల్ వచ్చింది, రేడియాలజిస్టులూ ఉన్నారు. అంతటివాడి జోస్యమే అలా అయింది మరి.

ఆ పెద్ద కంపెనీలవాళ్లూ తడుముకుంటూనే నడుస్తున్నారు. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక గూగుల్ ఎంత కంగారు పడిందో ఇక్కడందరం చూశాం. 2023 ఫిబ్రవరిలో హడావుడిగా చూపించిన తమ చాట్‌బాట్ బార్డ్ ప్రకటనలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు గురించి ఒక్క తప్పు దొర్లింది. ఆ ఒక్కరోజే కంపెనీ విలువ సుమారు 10 వేల కోట్ల డాలర్లు పడిపోయింది. మైక్రోసాఫ్ట్ ఓపెన్‌ఏఐలో డబ్బు పెట్టింది కదా, ఆ వారమే నాదెళ్ల ఒక ఇంటర్వ్యూలో గూగుల్ చేత డ్యాన్స్ చేయించింది మేమేనని అందరికీ తెలియాలన్నాడు. హైదరాబాద్ అబ్బాయి, మదురైలో పుట్టిన గూగుల్ సుందర్ పిచాయ్‌ని అలా అన్నాడని మా వాట్సాప్ గ్రూపులో ఒకటే నవ్వులు.

2025కి ఆ నవ్వులు తగ్గాయి. ఆ ఏడాది మేలో, జూలైలో కలిపి మైక్రోసాఫ్ట్ దాదాపు 15 వేల మందిని తీసేసింది. డేటా సెంటర్ల మీద సుమారు 8 వేల కోట్ల డాలర్లు పెడుతున్నామని ఆ జనవరిలోనే చెప్పి ఉంది. తమ కోడ్‌లో 20, 30 శాతం దాకా యంత్రమే రాస్తోందని నాదెళ్ల ఆ ఏప్రిల్‌లో అన్నాడు. అన్నీ నేర్చుకునేవాళ్ల గురించి చెప్పిన మనిషే ఇదీ చేశాడు. అందులో అబద్ధం ఉందని నేననను. కానీ నేర్చుకోవడానికి టైము దొరికేది ఎవరికి అన్నది వేరే లెక్క. మా స్నేహితురాలికి వేరే కంపెనీలో ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ వీసా మీద ఉంది. ఇంకో ఉద్యోగం దొరకడానికి 60 రోజులు, లేకపోతే పిల్లల్ని స్కూల్లోంచి తీసి పెట్టెలు సర్దుకోవడమే. ఏఐ అంటే మా ఇళ్లల్లో ముందు వీసా టెన్షన్. మిగతా చర్చలన్నీ తర్వాత.

అందుకే కంప్యూటర్ సైన్స్ తీసుకోనా అని అమ్మాయి మళ్లీ అడిగినప్పుడు, "తెలీదే" అన్నాను. మా నాన్న నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అమ్మాయి కూడా వింతగా చూసింది. నీకు లెక్కలు ఇష్టమా, మనుషులతో మాట్లాడటం ఇష్టమా, అక్కణ్నుంచి చూద్దాం అన్నాను. మా ఆయనకి ఆ జవాబు నచ్చలేదు. ఆయన ఇంకా కంప్యూటర్ సైన్స్ వైపే.

ఆ రాత్రే అమ్మమ్మకి ఇంకో మెసేజీ పెట్టమన్నాను, సొంతంగా. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని, వత్తుల కోసం వెతుక్కుంటూ అరగంట కుస్తీ పట్టింది. "అమ్మమ్మా ఆవకాయ వచింది. చాలా కారం. నాన రోజూ తింటునాడు. నువు ఎపుడు వస్తావు".

నేను దిద్దబోయి ఆగాను.

రెండు నిమిషాల్లో తెనాలి నుంచి వాయిస్ మెసేజీ. "ఆఁ, ఇప్పుడు రాసింది నా మనవరాలు. కారం తగ్గాలంటే నూనె ఎక్కువ కలుపుకో తల్లీ. గోంగూర కూడా పంపిస్తా, మీ నాన్నకి చెప్పకు."