అమ్మ తెడ్డు

"నాయనా, ఇదిగో చూడు, ఇదే మా ఇల్లు" అని అక్క ఫోన్ తిప్పి చూపిస్తా ఉంటే నాయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇక్కడ తిరుపతిలో పొద్దున ఆరున్నర. వాళ్లకు అమెరికాలో, ఎల్లోస్టోన్ పార్కులో నిన్నటి సాయంత్రం 7, ఇంకా ఎండ.

మోటార్‌హోమ్, అంటే లోపలే వంటిల్లు, పడకలు ఉండే బండి, అద్దెకు తీసుకుని బోస్టన్ నుంచి సియాటిల్‌కు బయలుదేరారు. ఐ-90 రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరికి 4,800 కిలోమీటర్లకు పైనే. డ్రైవర్ సీటు పైన అటక లాంటి పడక, అందులో పిల్లలిద్దరూ.

నా కళ్లు మాత్రం ఆ చిన్న స్టవ్ మీదే ఆగిపోయాయి. గిన్నెలో రాగి సంగటి, అక్క చేతిలో అమ్మ తెడ్డు. పిడి దగ్గర అదే కాలిన మచ్చ. అమ్మ పోయాక ఆ తెడ్డు కోసం నేను వంటింట్లో అల్మారాలన్నీ వెతికాను, అక్క తీసుకెళ్లిందని ఈరోజే తెలిసింది. ఏమీ అడగలేదు. అక్క దగ్గర ఉండటమే మంచిది.

నాయన అడిగింది ఒక్కటే, "నీళ్లు యాడివి మ్మా?" అని. బండిలోనే మంచినీళ్ల ట్యాంకు, పాత్రలు కడిగిన నీళ్లకు వేరే ట్యాంకు, అది నిండితే క్యాంప్‌గ్రౌండ్‌లో ఖాళీ చేసుకోవాలంట. అందుకే గ్లాసెడు నీళ్లతో రెండు గిన్నెలు కడిగేసింది అక్క, చిత్తూరులో ట్యాంకర్ రాని రోజుల్లో అమ్మ కడిగినట్టే, ముందు బూడిదతో తోమి, చివర్లో ఒక్క తొలుపు. బూడిద ఒక్కటే లేదు.

సిగ్నల్ పోయింది. పది నిమిషాలైనా నాయన ఫోన్ కింద పెట్టలేదు.