సూది నంబరు, మావయ్య బేరం

విజయనగరం కంటోన్మెంటులో మా వీధి చివర మావయ్యకి సుగరుంది. లివర్ ఎంజైములు నెలల తరబడి దిగట్లేదు. ముక్క తీసి చూడాలని విశాఖలో డాక్టరుగారు చెప్పారు. పక్కటెముకల మధ్యనుంచి కాకుండా, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో, అంటే నోట్లోంచి స్కానింగు గొట్టం దింపి, పొట్ట లోపలినుంచి తీస్తారట. బయాప్సీ ముక్కల్ని స్లైడ్లుగా చేసే ల్యాబులో నా ఉద్యోగం అని తెలిసి సాయంత్రం వచ్చాడు.

"ఏటమ్మా, 22 సూదీ, 19 సూదీ అంటన్నారు. చిన్నది 19 కదా, అదే వెయ్యమని చెప్పేస్తాను."

అసలు లెక్క తిరగేసి ఉంటుంది. గేజ్, అంటే ఈ నంబరు, పెరిగేకొద్దీ సూది సన్నం. మోటారు వైండింగ్ చేసేవాళ్లకి రాగి తీగ నంబర్లతో ఇది అలవాటే. 19 సూది బయటి మందం మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ, 22ది 0.7 మిల్లీమీటర్లు. ఆ మాట చెప్పగానే మావయ్య మొహం మారిపోయింది. కానీ లివర్‌కి నేనూ 19 వైపే. ఆయన ఎంచుకున్నది సరైనదే, కారణమే తప్పు.

నా బల్ల మీదికి వచ్చేసరికి తేడా కంటికే తెలుస్తుంది. 19తో తీసినవి చాలావరకు పొడుగ్గా, దారప్పోగుల్లా ఉంటాయి. 22వి ఫార్మలిన్‌లో తునకలు తునకలుగా తేలుతుంటాయి. గడ్డలోంచి కణాలు దొరికితే చాలనుకునే చోట, పాంక్రియాస్ లాంటి వాటికి, 22 చక్కగా సరిపోతుంది. లివర్ జబ్బులో కావలసింది కణాలొక్కటే కాదు, వాటి అమరిక. మచ్చ ఒక పోర్టల్ ట్రాక్ట్ (లివర్‌లో సన్నని రక్తనాళాలు, పిత్తనాళం కలిసి వెళ్లే చోటు) దగ్గరే ఆగిందా, పక్కదాకా పాకిందా అన్నది చూడాలి. అందుకే రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, కనీసం 11 పూర్తి పోర్టల్ ట్రాక్టులు కావాలంటారు పాథాలజిస్టులు. అంచులో తెగిపోయింది పూర్తిదాని కింద లెక్కకి రాదు. పైగా సిర్రోసిస్, అంటే మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు, ముదిరిన లివర్ దానంతటదే ముక్కలవుతుంది. విరగ్గొట్టింది జబ్బా, సూదా అని మా పాథాలజిస్టు మేడమ్ మైక్రోస్కోపు ముందు తల పట్టుకోవడం నేను చూస్తూనే ఉంటాను.

నంబరొక్కటే చూస్తే చాలదు. మొన మూడు పళ్ల కిరీటంలా ఉండే ఫ్రాన్సీన్ రకం సూదులు ముక్కని బాగా కోస్తాయి. సూదిలో ముందే హెపారిన్ నింపి లాగితే రక్తం గడ్డకట్టి ముక్కని చుట్టుకోవడం తగ్గుతుంది. ఆ గడ్డల్లోంచి లివర్ ఏరుకోవడం ఎంత విసుగో మాకే తెలుసు! 19కి ఉన్న ఇబ్బంది, అది బిరుసు. పొట్టలోంచి లివర్ ఎడమ భాగానికి సాఫీగానే వెళ్తుంది గానీ, డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) వంపులోంచి కుడి భాగానికి తిప్పడం కష్టం.

"రక్తం కారిపోద్దేమో?" అన్నాడు మావయ్య. చర్మంలోంచి తీసే పాత పద్ధతిలో 16 సూది మామూలే, ఇది అంతకన్నా సన్నం అన్నాను. దానికి ముందు ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) చూస్తారు. ఆయన గుండెకి, రక్తం గడ్డకట్టకుండా, ఆస్పిరిన్ వేసుకుంటాడు, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పనే లేదట! నంబరు సంగతి వదిలేసి ముందు ఆ మందుల చీటీ పట్టుకెళ్లమన్నాను. మత్తిస్తారు కాబట్టి తోడుగా అత్త కూడా వెళ్లాలి.

రిపోర్టు మర్నాడే వచ్చేస్తుందనుకుంటున్నాడు. మైనంలో బ్లాకు కట్టాలి, కొయ్యాలి, ఆపైన మచ్చ కోసం ట్రైక్రోమ్, అమరిక కోసం రెటిక్యులిన్ రంగులు వెయ్యాలి. కొన్ని రోజులు పడుతుంది మావయ్యా అని చెప్పి పంపించాను.