దిష్టి నీళ్లలో కెమిస్ట్రీ

మా అక్క కూతురు పదో తరగతి. ఆమ్లాలు, క్షారాల పాఠం బట్టీ పడుతూ తెగ టెన్షన్ పడుతోంది. పసుపు నీళ్లు కలిపి, అందులో చిటికెడు తాంబూలం సున్నం వేశాను. క్షణంలో ఎర్రబడ్డాయి.

"ఇవి దిష్టి నీళ్లు కదా పిన్నీ!"

అవే మరి. సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 12 దాటుతుంది. పసుపుకి రంగునిచ్చే కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. నిమ్మకాయ పిండితే ఆమ్లం ఆ సున్నాన్ని తటస్థం చేసి మళ్లీ పసుపు రంగు తెచ్చేసింది. చొక్కా మీది కూర మరక సబ్బు తగలగానే ఎర్రబడేదీ ఇందుకే. మా అమ్మ మాత్రం సబ్బునే తిడుతుంది!

ఆ తర్వాత పిల్లని ఆపలేకపోయాం. మజ్జిగకి రంగు మారలేదు, వాషింగ్ సోడాకి బాగా ఎర్రబడింది. వంటసోడాకి కొద్దిగానే ఎందుకు మారిందని తనే అడిగింది. బలహీన క్షారం కదా అన్నాను. "ఎంత బలహీనం?" అంటూ పుస్తకం తీసింది.