కొవాల్‌స్కి అంటే మన కమ్మరే

మా చెల్లి హనుమకొండ నుంచి చదువుకోవడానికి పోలండ్ రాజధాని వార్సా వెళ్లింది. మొన్న ఫోన్‌లో క్లాస్‌మేట్ ఇంటిపేరు కొవాల్‌స్కి అని చెప్పింది, ఏంటా అని వెతికితే పోలిష్‌లో 'కొవాల్' అంటే కమ్మరి! మా ఊళ్లో కమ్మరి అనే ఇంటిపేరున్నవాళ్లు వెంటనే గుర్తొచ్చారు, అప్పట్నుంచి నాకు ఇదే ధ్యాస.

పోలండ్‌లో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు నొవాక్, అంటే కొత్తగా వచ్చినవాడు. ఎవరో ఎక్కడి నుంచో వచ్చి ఊళ్లో ఉండిపోతే జనం అలా పిలిచారు, ఆ పిలుపే పిల్లలకూ మనవలకూ నిలిచిపోయింది. విష్నెవ్‌స్కి ఊరిపేరు మీద వచ్చింది, ఆ ఊరిపేరులో చెర్రీ చెట్టుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం చివరి అక్షరం. మగవాళ్లకు 'స్కి', ఆడవాళ్లకు 'స్కా'. 1867లో వార్సాలో పుట్టిన మేరీ క్యూరీ పుట్టింటి పేరు స్క్లొడోవ్‌స్కా, వాళ్ల నాన్నది స్క్లొడోవ్‌స్కి. పెళ్లయ్యాక కూడా ఆమె పుట్టింటి పేరు వదల్లేదు, రెండూ కలిపి వాడింది.

ఇదంతా అమ్మమ్మకు చెప్తే, "మరి నా పుట్టింటి పేరు నీకెరుకేనా బిడ్డా?" అంది. నాకు తెలియదు. అడిగి డైరీలో రాసుకున్నాను.