కానుగ చెట్టు కింద తరగతి: నీడ లెక్క

చంద్రగిరి దగ్గర మా ఊరి బడిలో చెట్టు కింద పిల్లలకి బెంచీలు వేయడం, ఆదివారాలు చేసుకొస్తున్న పని ఇది. తరగతి గది అంటున్నానే గానీ గోడల్లేవు, కప్పు లేదు. ఉన్నది ఒక్క కానుగ చెట్టు. కొమ్మల వెడల్పు 36 అడుగులు.

మొదటి తప్పు నాదే. జనవరిలో ఒక రోజు పదిన్నరకి, పదకొండున్నరకి, పన్నెండున్నరకి నీడ అంచు వెంబడి ముగ్గుపిండి పోశా. మూడూ కలిసిన చోటు మానుకు ఉత్తరంగా బాగా దూరం పోయింది. అక్కడే బెంచీలనుకున్నా. రాళ్ళు రావడం ఆలస్యమైంది, మంచిదే అయింది. ఏప్రిల్ చివర్లో మళ్ళీ పోయి చూస్తే ఆ చోటంతా ఎండ! తిరుపతి అక్షాంశం పదమూడున్నర డిగ్రీల పైచిలుకు. ఏప్రిల్ చివర మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీదకొస్తాడు, జూన్‌లో ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. నీడేమో మాను కిందికి, ఆపైన కొంచెం దక్షిణానికి. మళ్ళీ ముగ్గుపిండి పట్టుకున్నా. అన్ని కాలాలకీ సరిపోయేది మానుకు వాయవ్యంగా, ఎనిమిది తొమ్మిదడుగుల దూరంలో తేలింది.

"చెట్టు చుట్టూ సిమెంటు అరుగు కట్టేస్తే పోలా సార్, పిలకాయలు దానిమీదే కూర్చుంటారు" అన్నాడు మేస్త్రి. ఒప్పుకోలేదు. మొదలు చుట్టూ మట్టి పోసి సిమెంటు వేస్తే బెరడు కుళ్ళుతుంది, వేళ్ళకి గాలాడదు. నాలుగడుగులు వదిలేయమన్నా. రెండు వారాలు నాతో ముభావంగానే ఉన్నాడు.

కూసాల మీద ఐదడుగుల రాతి బండలు, ఒక్కోదాని మీద ముగ్గురు. ఒకటి, రెండు తరగతుల వాళ్ళకి అడుగు ఎత్తు, పెద్దవాళ్ళకి 15 అంగుళాలు. అందరికీ ఒకే ఎత్తు పెట్టుంటే చిన్నోళ్ళ కాళ్ళు గాల్లో ఊగేవి. పొద్దుటి ఎండ పిల్లల వీపుకే తగలాలని బోర్డు పడమటి కొసన పెడుతున్నా. ఎండ పాఠం చెప్పే సార్ కళ్ళల్లో పడుతుంది, టోపీ పెట్టుకుంటార్లే. పాలిష్ లేని కడప బండ ముక్క మీద సుద్దతో రాసి చూశా, తడిగుడ్డతో తుడిస్తే పోయింది. ఇక బోర్డు కొనక్కర్లేదు.

మనకి నవంబరు వానలు జాస్తి. నేలకి పదడుగులకి రెండున్నర అంగుళాల వాలు, నీళ్ళ ట్యూబుతో మట్టం చూసి ఇచ్చాం. పైన గరుసు పరవాలి. అది తెచ్చే ట్రాక్టరు వచ్చే ఆదివారం వస్తానంది, పోయిన ఆదివారం కూడా అదే మాట.