మారిన్యీ సంతలో 1944 నాటి కార్డులు

పారిస్‌లో మారిన్యీ స్టాంపుల సంత గురు, శని, ఆదివారాల్లోనూ సెలవురోజుల్లోనూ ఉంటుంది. మెట్రో 1వ లైన్‌లో షాంజెలిజే-క్లెమాన్సోలో దిగితే చెట్ల కింద బల్లలు కనిపిస్తాయి. నాజీలపై పోరాడినవాళ్ల ఫొటో పోస్టుకార్డులు అడిగితే ఒక పెద్దాయన చెప్పుల డబ్బా ముందుకు తోశాడు. 1944 ఆగస్టులో పారిస్ విముక్తి పోరు నాటి బారికేడ్లు, జబ్బకు ఎఫ్.ఎఫ్.ఐ. (ఫ్రాన్స్ లోపలి ప్రతిఘటన దళాలు) పట్టీ కట్టిన కుర్రాళ్లు. ఒక్కోటి 12 యూరోలట! ఆ డబ్బుకు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సంచీడు పుస్తకాలొస్తాయి.

ధరకన్నా ఒళ్లు మండించింది, కవర్లోంచి తియ్యనివ్వకపోవడం. ఇలాంటి కార్డు తీసి చూడకుండా కొనకూడదు. అవే ఫొటోలు తర్వాత వార్షికోత్సవాలకు మళ్లీ అచ్చయ్యాయి మరి.

పక్క బల్ల దగ్గరావిడ మాత్రం "నిదానంగా చూసుకోండి" అంది. ముందు స్కేలు పెట్టాను: అప్పటి కార్డు సుమారు 9×14 సెంటీమీటర్లు, 10.5×15 ఉంటే తర్వాతిదనే అనుమానించాలి. తర్వాత పది రెట్ల భూతద్దం. వరస చుక్కలు కనిపిస్తే ప్రెస్సులో అచ్చయింది. అప్పుడూ అలాంటివి వచ్చాయి గానీ, దానికి అసలు ఫొటో ధర పెట్టక్కర్లేదు. ఫొటో కాగితమైతే కాస్త వాల్చండి, పాతదానిలో అంచుల దగ్గర నల్లటి చోట్ల వెండి పైకి తేలి నీలంగా మెరుస్తుంటుంది. చివర యూవీ టార్చి. కాగితంలో తెల్లదనం పెంచే రసాయనాలు 1950ల నుంచే విరివిగా వాడారు కాబట్టి, 1944 కార్డు నీలితెలుపుగా వెలిగితే పక్కన పెట్టెయ్యండి. ఎండలో తేడా తెలియదు, కోటు చాటున చూడాలి.

ఫ్రెంచ్ ప్రతిఘటన నాయకుడు జాఁ మూలాఁ టోపీ, మఫ్లరుతో ఉన్న కార్డు అందరి దగ్గరా ఉంది. 1940 జూన్‌లో కోసుకున్న గొంతు గాయాన్ని మఫ్లరుతో దాచాడని చెప్పి అమ్ముతారు. నమ్మకండి. మిత్రుడు మార్సెల్ బెర్నార్ మోంపెలియేలో ఆ ఫొటో తీసింది అంతకు ముందటి చలికాలంలోనే. రహస్యంగా పోరాడేవాడు కెమెరా ముందు నిలబడడు. యోధుల ముఖాలున్న కార్డులు చాలావరకు విముక్తి తర్వాతివే. టిప్పు వంశస్థురాలు, రహస్య రేడియో ఆపరేటర్ నూర్ ఇనాయత్ ఖాన్ కోసం డబ్బాలన్నీ వెతికాను. ఒక్కటీ లేదు. 1944 సెప్టెంబరులో డాఖావ్ నాజీ శిబిరంలో చంపేసిన ఆవిడకు ఇక్కడ కార్డు లేకపోవడం నాకు చాలా బాధనిపించింది.

సంతకన్నా ముందు డాన్‌ఫేర్-రోష్రో దగ్గరి లిబరేషన్ మ్యూజియం చూడండి, శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు. అసలు పట్టీలు, ఫొటోలు చూశాక కంటికి తేడా తెలుస్తుంది. కొన్న కార్డులకు పాలీప్రొపిలీన్ కవర్లే వెయ్యండి, పీవీసీ కొన్నాళ్లకు జిగురెక్కి ఫొటోకి అతుక్కుంటుంది. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి చేతిసంచీలోనే తెచ్చుకోండి.