ఇంటి మాంసానికి రెండు మూడు పందులు

ఇంట్లో తినడానికి మాత్రమే పందులను పెంచాలనుకునేవారు తల్లి పందితో మొదలుపెట్టే కంటే, పాలు మరచిన రెండు నెలల పిల్లలను రెండింటినో మూడింటినో కొనుక్కోవడం తేలిక. మగపిల్లలకు చిన్నప్పుడే పశువైద్యుడి చేత విత్తులు తీయించాలి, లేకపోతే పెద్దయ్యాక మాంసం ఉడికేటప్పుడు కంపు కొట్టవచ్చు.

మావి తెల్ల యార్క్‌షైర్ సంకరజాతివి. పంది మురికి జంతువనే మాటను నేను ఒప్పుకోను: చోటు చాలినంత ఉంటే అది పడుకునే మూలను శుభ్రంగా ఉంచుకుని, మరో మూలకు పోయి పెంట వేస్తుంది. చెమట పట్టి ఒళ్లు చల్లబడే వీలు దానికి దాదాపు లేదు కాబట్టే బురదలో పొర్లుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం అవి నోళ్లు తెరిచి రొప్పుతుంటే గొట్టంతో నీళ్లు కొడతాం. తెల్ల చర్మం కనుక చెవులు కందిపోకుండా పందిరి మీద తాటాకులు కప్పాం.

మేతకు తవుడు, నూకలు, వేరుశనగ చెక్క ఉండనే ఉన్నాయి. హోటళ్ల ఎంగిలి ఊరికే దొరికినా, బాగా మరగబెట్టకుండా పెట్టకూడదు. 2020లో మన దేశంలో మొదట అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అందులోని పంది మాంసం ముక్కల ద్వారా కూడా వ్యాపిస్తుంది. అది మనుషులకు సోకదు గానీ, దానికి చికిత్స లేదు, దొడ్డి ఖాళీ అయిపోతుంది. మామూలు స్వైన్ ఫీవర్ వేరే జబ్బు, దానికి టీకా వేయించవచ్చు.

ఊరి మీద తిరిగి మలం తినే పందుల కండలో బద్దెపురుగు తిత్తులు ఉండే ప్రమాదం ఎక్కువ. అందుకే మేం వాటిని దొడ్డి దాటనివ్వం, మాంసాన్ని లోపల ఎరుపు పోయేదాకా ఉడికిస్తాం.